కళ్ళు ఆఖరున

ఆ ఎలుగుబంటి నిలబడితే పదకొండు అంగుళాలు, కూర్చుంటే ఏడు. నిలబడే అలవాటు దానికి లేదు కనుక లోకం దాన్ని ఏడంగుళాల ప్రాణిగానే ఎరుగును. గోధుమరంగు ఉన్నిబట్ట ఒళ్ళు, లోపల దూది, ముక్కు ఉండవలసిన చోట నల్లదారంతో కుట్టిన ముక్కోణం. ఇంతటి అల్పజీవి భుజాల మీద ఒక సామ్రాజ్యాన్ని నిలబెట్టవచ్చునని కనిపెట్టిన మహానుభావుడికి అప్పటికి నలభై ఆరేళ్ళు. అంతకుముందు ఆయన కనిపెట్టినవేవీ నిలబడలేదు. కాబట్టి ఈసారి నిలబడక తప్పదని ఆయన నమ్మకం.

తండ్రిగారి కాలంలో అది సామ్రాజ్యం కాదు, మూడు గదుల కార్ఖానా. మొదటి గదిలో బట్ట కత్తిరించేవారు, రెండో గదిలో కుట్టి దూది కూరేవారు, మూడో గదిలో కళ్ళు పెట్టేవారు. వారానికి నూట ఇరవై ఎలుగుబంట్లు పుట్టేవి. ఊళ్ళోని చిన్నచిన్న దుకాణాలు వాటిని నూట ఇరవైగానే తీసుకొనేవి. ఇంకొకటి ఉంటే బాగుండునని గాని, ఒకటి తగ్గితే బాగుండునని గాని ఎవరికీ తోచేది కాదు. ఇటువంటి కాలాలను గురించి చరిత్రకారులు ఒక్క వాక్యమైనా రాయరు. పెద్దాయన పోతూ పోతూ కార్ఖానాను పిల్లలిద్దరికీ సమానంగా రాశారు. పంపకంలో తమ్ముడికి కుర్చీ వచ్చింది, అక్కకు కిటికీ వచ్చింది.

ఆ కిటికీ మూడో గదిది. దాని కింద అక్క ఇరవై ఎనిమిదేళ్ళుగా కూర్చుంటున్నది. ఆమె చేతికింద నలుగురు ఆడవాళ్ళు. కళ్ళు గాజువి, ఊరిచివర ఒక ముసలాయన ఒక్కొక్కటే ఊది చేసేవాడు, అందరికీ ఆయన గాజుతాత. మనిషి ఊపిరితో తయారైన వస్తువులు గనుక ఏ రెండూ ఒక్కలా ఉండేవి కావు. పళ్ళెంలోంచి ఒకదానికొకటి సరిపడే రెంటిని ఏరి, వాటి వెనకనున్న తీగ కొక్కేన్ని దారంతో తలలోకి లాగి ముడి వేయడం అక్క పని. ఒక్కో ఎలుగుబంటికి ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలలో, అంతవరకు దూదిమూటగా పడి ఉన్నది ఎవరినో చూడటం మొదలుపెట్టేది. కొన్ని అనుమానంగా చూసేవి. కొన్ని అప్పుడే భోంచేసి లేచినట్టు చూసేవి.

కార్ఖానా మొత్తానికి శాసనం ఒక్కటే. పెద్దాయన దాన్ని స్వహస్తాలతో మూడో గది గుమ్మం పైన నీలిరంగుతో రాశారు: “కళ్ళు ఆఖరున. కళ్ళు పెట్టిన బొమ్మ ఆ సాయంత్రమే గడప దాటాలి.” కారణం రాయలేదు. కారణాలు రాయడం మొదలుపెడితే శాసనాలకు విలువ ఉండదు.

ఇలా ఉండగా, నలభై ఊళ్ళలో నలభై కొట్లున్న ఒక పెద్ద దుకాణంవారు ఎక్కడో ఈ ఎలుగుబంటిని చూసి ముచ్చటపడి, నెలకు రెండు వేలు ఇవ్వగలరా అని మర్యాదగా ఉత్తరం రాశారు. నెలకు రెండు వేలేమిటి, ఏడాదికి కావలసిన ఇరవై నాలుగు వేలూ ఒకే రోజున అప్పగిస్తామని తమ్ముడు అంతకంటే మర్యాదగా జవాబు రాశాడు. అవతలివాళ్ళు అడగనిది ఇవ్వడం ఔదార్యం. తన దగ్గర లేనిది ఇవ్వడం చక్రవర్తిత్వం. ఆ రోజునుంచి ఆయనను చక్రవర్తి అని పిలవడమే న్యాయం.

దిగ్విజయ యాత్రకు ఒక మంత్రి కావాలి గదా. తళతళలాడే బూట్లతో, చేతిలో గోడమీద ఎర్రచుక్క వేసే ఒక దీపపు పుల్లతో సలహాదారు విచ్చేశాడు. కార్ఖానా అంతా కలయదిరిగి, మూడో గది గుమ్మం దగ్గర ఆగి, నీలిరంగు అక్షరాలు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాడు.

“ఇది ఎవరు రాశారు?”

“మా నాన్నగారు.”

“ఎక్కడ చదువుకున్నారు ఆయన?”

“ఐదో క్లాసు దాకా... ఆ వీధిచివర బడిలో.”

“సార్, మహామహా ఫ్యాక్టరీలు యాభై ఏళ్ళు తలకొట్టుకుని కనిపెట్టిన సూత్రమండీ ఇది! పూర్తయిన సరుకు ఒక్క రోజు కూడా గోడౌన్లో కూర్చోకూడదు. ఖరీదైన భాగం ఆఖరున బిగించాలి. ఇంత పెద్ద రహస్యం గుమ్మం మీద రాసి పెట్టుకుని మీరు వారానికి నూట ఇరవై చేస్తున్నారా?”

చక్రవర్తి కళ్ళు చెమర్చాయి. తండ్రి ఇంత గొప్పవాడని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఆర్నెల్లలో నాలుగు హాళ్ళు లేచాయి. రెండు వందలమంది కొత్తవాళ్ళు చేరారు. ఎడమచేతి విభాగం, కుడిచేతి విభాగం, చెవుల విభాగం ఏర్పడ్డాయి. ఎడమచేతి విభాగంవారు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎడమచేతులే కుట్టేవారు; కుడిచేయి ఎలా ఉంటుందో వారికి వదంతులద్వారా మాత్రమే తెలుసు. ఇక కళ్ళు. గాజుతాత ఊదేవి ఏ మూలకు? సముద్రాలకు అవతల ఒక యంత్రం గంటకు తొమ్మిది వేల కళ్ళు పోస్తుందట, ఒక్కదానికీ ఇంకొకదానికీ వెంట్రుకవాసి తేడా లేకుండా. నలభై ఎనిమిది వేలు పురమాయించారు. అవి సరిగ్గా ఆఖరి నెలలో దిగేటట్టు ఏర్పాటు. కళ్ళు ఆఖరున కదా.

యంత్రం పోసిన కళ్ళను ఏరే పని ఉండదు, ఎవరైనా బిగించవచ్చు. అందుచేత కొత్త ఆఫీసునుంచి ఒక ఉత్తర్వు వెలువడింది. కళ్ళు చేరిన తేదీనుంచి నేత్రవిభాగం రద్దు. ఆ గది ప్యాకింగుకు. ఆ గదికి నేత్రవిభాగమనే పేరున్నట్టు అందులోనివాళ్ళకు దాని రద్దుతోనే తెలిసింది. అక్క ఆ కాగితం పట్టుకొని ఆఫీసు మెట్లెక్కింది.

“ఒరేయ్, కళ్ళగది ఉండదని రాశావా?”

“నేనెక్కడ రాశానక్కా? సలహాదారుగారు రాశారు. నేను సంతకం పెట్టానంతే.”

“మరి మేం ఎక్కడికి పోవాలి?”

“నువ్వు పోవడమేంటి! నువ్వు గౌరవ సలహామండలి సభ్యురాలివి.”

“అంటే ఏం చెయ్యాలి?”

“ఏం చెయ్యక్కర్లేదు. అదే గౌరవం.”

“సరే, నాకు గౌరవం. మిగతా నలుగురికి?”

చక్రవర్తి బల్లమీది కాగితాలు సర్దాడు. ఆ నలుగురిలో ఇద్దరు ఆయనను చంకనేసుకొని తిప్పినవాళ్ళు. వాళ్ళకు కళ్ళు కుట్టడం తప్ప మరో పని రాదు. ఆ వయసులో వాళ్ళకు ఎడమచేతి విభాగంలోనైనా చోటు దొరకదు.

“పోనీ, ఆ కొత్త కన్ను ఒకటి చూపించు. ఎలా ఉంటుందో చూస్తాను.”

“అది ఆఫీసు విషయమక్కా. నమూనా ఒక్కటే వచ్చింది. అద్దాలపెట్టెలో పెట్టి తాళం వేశారు.”

“ఎలుగుబంటికి పెట్టి చూశారా?”

“అదెలా? కళ్ళు ఆఖరున. ఇంకా ఆఖరు రాలేదు కదా.”

అక్క తన గదికి తిరిగివచ్చి చెప్పినప్పుడు, నలుగురిలోకీ చిన్నదైన రేడియో నోరు ఊరుకోలేదు. క్షణం ఆగకుండా మాట్లాడుతుంది కనుక ఆమెకు ఆ పేరు.

“కన్నుకి తాళమేంటి అక్కగారూ? రేపు ముక్కుకి కాపలా పెడతారు కాబోలు. చూడండి, మనల్ని పంపించాక ఆ కన్ను మన వెనకే చూస్తూ ఉంటుంది.”

“నోరు మూసుకుని దారం ఎక్కించు.”

“మూసుకుంటాను. కానీ గది పోతుందా?”

“కళ్ళు వచ్చిన రోజున పోతుంది,” అంది అక్క. ఆ మాట ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ అంది. దారం మొదటిసారి ఎక్కలేదు.

కళ్ళు వచ్చే రోజు మాత్రం రాలేదు. వాటిని మోసుకొస్తున్న ఓడ, ఏదో రేవు బయట, మరో డెబ్భై ఓడల వెనక నిలబడింది. ముందున్నది కదిలితే గాని ఇది కదలదు; దాని ముందున్నది కదిలితే గాని అది కదలదు. చక్రవర్తి ఫోనులో ఒక పటం ఉండేది, అందులో నీలం మధ్య ఒక ఆకుపచ్చ చుక్క. అదే ఓడ. ఆయన దాన్ని భోజనానికి ముందు, భోజనం మధ్య, భోజనం తరవాత చూసేవాడు. కళ్ళు కాయలు కాచాయి గాని చుక్క కదలలేదు. ఒకనాడు కదిలింది, వెనక్కి. గాలికి కొంచెం కొట్టుకుపోయిందని తరవాత తెలిసింది.

గత్యంతరం లేక గాజుతాతకు ఫోను చేశాడు.

“నలభై ఎనిమిది వేలా?” అన్నాడు తాత. “నాయనా, ఉన్న ఊపిరంతా ఊదినా నాకు వారానికి రెండొందల నలభై. అదీ మానేశాను. ఇప్పుడు ల్యాబులకి గొట్టాలు చేస్తున్నాను. హాయిగా ఉంది. గొట్టాలు నావైపు చూడవు.”

ఈలోగా నాలుగు హాళ్ళు మాత్రం నిద్రపోలేదు. పని ఆగితే సామ్రాజ్యం ఆగినట్టే గనుక ఎలుగుబంట్లు పుడుతూనే ఉన్నాయి. ఒళ్ళు కుట్టి, దూది కూరి, మెడ మూసి, కళ్ళకోసం వరుసల్లో కూర్చోబెట్టేవారు. పూర్తయిన సరుకు ఒక్క రోజు కూడా కూర్చోకూడదన్న శాసనాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. అవి పూర్తికాలేదు కదా. మొదట గోడౌను నిండింది. తరవాత వరండాలు, మెట్లు, సైకిళ్ళ షెడ్డు. ఆఖరికి చక్రవర్తి సొంత ఇల్లు. పదిహేడు వందల ఎలుగుబంట్లు ఆ ఇంట్లో విడిది చేశాయి. వాటికి ముక్కు పైన నున్నటి బట్ట తప్ప ఏమీ లేదు. ఎవరినీ చూడని ముఖాలు అన్ని ఒక్కచోట చేరితే, చూసేవాళ్ళకే ఏదో లోపం ఉన్నట్టనిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం అక్క తమ్ముడింటికి వెళ్ళింది. మరదలు తలుపు సగమే తెరవగలిగింది. వెనక బస్తా అడ్డం.

“రండి వదినా, పక్కకి తిరిగి రండి. కాలు చూసి పెట్టండి, అక్కడ ముప్ఫై ఉన్నాయి.”

“ఎక్కడ పడుకుంటున్నారే మీరు?”

“వాళ్ళు చోటిచ్చిన చోట. స్నానాల గదిలో తొంభై ఆరు. అన్నిట్నీ గోడవైపు తిప్పిపెట్టాను.”

“వాటికి కళ్ళు లేవుగా?”

“లేకపోతే ఏం? సిగ్గు నాది కదా వదినా.” ఆమె భర్త ఉన్న గదివైపు తల తిప్పి కొంచెం గొంతు పెంచింది. “కళ్ళు లేంది వీటికి కాదులెండి. ఉన్నవాళ్ళకి నెత్తిమీదున్నాయి.”

చక్రవర్తి మంచం మీద, తొమ్మిది ఎలుగుబంట్లను ఆనుకొని, ఫోను చూసుకొంటున్నాడు. దుకాణంవారు సరుకు చూసుకోవడానికి ఒక అధికారిణిని పంపుతున్నారు. ఇంకా పదకొండు రోజులు. ఆ రోజుకు కళ్ళు పెట్టిన ఎలుగుబంట్లు చూపకపోతే ఒప్పందం పోతుంది. అది పోతే నాలుగు హాళ్ళూ పోతాయి, వాటితో పాటు పాత మూడు గదులూ పోవచ్చు.

“చూశావా అక్కా,” అన్నాడు, “నాన్నగారి ముందుచూపుకి మనం సరిపోలేదు. ఆయన సూత్రం తప్పు కాదు. సముద్రానిదే తప్పు.”

“ముందుచూపు కాదురా. అది నా భయం.”

“అంటే?”

“నువ్వప్పటికి పుట్టలేదు. అప్పటికి ఉన్నది ఆ కళ్ళగది ఒక్కటే; కార్ఖానా, మన పడక అన్నీ అందులోనే. గూట్లో ఎలుగుబంట్లు వరసగా పెట్టేవారు. నాకు ఐదేళ్ళు. అవన్నీ నన్నే చూస్తున్నాయని గుక్కపట్టి ఏడిచేదాన్ని. ‘సరేలేమ్మా, రేపట్నించి ఇంట్లో ఉన్నవాటికి కళ్ళుండవు, కళ్ళున్నవి ఇంట్లో ఉండవు’ అన్నారు నాన్న. గుమ్మం మీద రాసింది కూడా నాకు చూపించడానికే. నాకప్పటికి అక్షరాలు వచ్చు.”

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొంది.

“ఈ సంగతి సలహాదారుగారికి చెప్పకక్కా,” అన్నాడు చక్రవర్తి చివరికి.

“ఏం?”

“ఆయన దానిమీద పుస్తకం రాస్తున్నారు.”

తనిఖీ మూడు రోజులు ఉందనగా కళ్ళు దిగాయి. పొద్దున పదిగంటలకు లారీ వచ్చింది. నాలుగు హాళ్ళవాళ్ళూ వాకిట్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు. ఉత్తర్వు ప్రకారం అది కళ్ళగదికి ఆఖరి రోజు. అయిదుగురూ తమ కత్తెరలు, సూదిదిండ్లు సంచులలో సర్దుకొని గుమ్మంలో నిలబడ్డారు. మొదటి బస్తా మూతి విప్పేందుకు మటుకు అక్కనే పిలిచారు. గౌరవ సభ్యురాలికి అదే మొదటి బాధ్యత.

అక్క బస్తాలో చేయి పెట్టి ఒక కన్ను తీసింది. నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతున్నది. వెనక్కి తిప్పింది. వెనక తీగ కొక్కెం లేదు. గుండీ వెనక మేకు దిగగొట్టినట్టు ఒక లావుపాటి కాడ ఉన్నది. రెండో బస్తాలో చిన్నచిన్న బిళ్ళలున్నాయి. ఆమె ఒక బిళ్ళను కాడకు ఎక్కించి నొక్కింది. టక్కుమని బిగిసింది. లాగింది. రాలేదు. మరింత గట్టిగా లాగింది. రాలేదు.

“మంచి కన్ను,” అంది.

చక్రవర్తి ఛాతీ విశాలమైంది. “చెప్పానా!”

“పసిపిల్లలు పీకినా ఊడదు. చాలా బాగా చేశారు. అయితే తమ్ముడూ, ఈ బిళ్ళ ఎక్కడినుంచి వెయ్యాలో చూశావా?”

“వెనకనించి.”

“ఎవరి వెనకనించి?”

“కన్ను వెనకనించి.”

“కన్ను వెనక ఏముంటుంది?”

చక్రవర్తి చేతికందిన ఎలుగుబంటిని తీసుకొని దాని ముఖంలోకి చూశాడు. కన్ను వెనక తల ఉంటుంది. తలలో దూది ఉంది. దూది వెనక మెడ ఉంది; మెడ గట్టిగా, రెండు వరసల్లో కుట్టి ఉంది. ఇలా ఇరవై నాలుగు వేలు.

“ఈ కన్ను ముందు పెట్టాలిరా,” అంది అక్క, ఏ మాత్రం గొంతు పెంచకుండా. “దూది కూరకముందు. అన్నిటికంటే ముందు.”

సలహాదారు అద్దాలపెట్టె తాళం తీసి నమూనాను బయటికి తీశాడు. ఎనిమిది నెలలుగా అది కాడతో సహా, బిళ్ళతో సహా ఆఫీసులోని అందరికీ కనబడుతూనే ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది అమలులో వచ్చిన లోపమే గాని సూత్రంలో లోపం కాదని ప్రకటించాడు. ఆ మధ్యాహ్నమే ఆయనకు మరొక సామ్రాజ్యంనుంచి పిలుపు వచ్చింది.

చక్రవర్తికి మంత్రి పోయినా బుద్ధి మిగిలింది. గంట తిరగకుండా నాలుగు డబ్బాల జిగురుతో కళ్ళగదికి వచ్చాడు.

“కాడలు కోసేద్దాం అక్కా. జిగురుతో అంటిద్దాం. రెండు వందలమంది కూర్చుంటే మూడు రోజుల్లో ఇరవై నాలుగు వేలూ అయిపోతాయి. లెక్క వేశాను.”

అక్క ఒక కన్ను కాడ కోసి, జిగురు రాసి, ఎలుగుబంటి ముఖానికి అంటించి, కిటికీలో ఎండకు పెట్టింది. అది ఆరేదాకా అందరూ నిలబడే ఉన్నారు. తరవాత రెండు వేళ్ళతో పట్టుకొని లాగి, ఊడివచ్చిన కన్నును తమ్ముడి అరచేతిలో పెట్టింది.

“నీకు రెండేళ్ళప్పుడు నా గౌను గుండీ మింగావు. ఇంతే ఉండేది. అమ్మ నిన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొడుతుంటే నీ మొహం నల్లబడిపోయింది. నాకింకా గుర్తుంది, నీకు లేదు.”

“అక్కా, ఒప్పందం పోతే అంతా పోతుంది. నీ గది కూడా.”

“నా గది నువ్వు ఎలాగూ తీసేశావు కదరా.”

అరచేతిలోని కన్ను చక్రవర్తివైపే చూస్తున్నది. జిగురు డబ్బాలకు మూతలు బిగించి, తానే మోసుకొని పోయాడు.

“అక్కగారూ,” అంది రేడియో, “నాకు తెలీక అడుగుతాను. ఇవి పూర్తయితే ఉత్తర్వు ప్రకారం మన గది పోతుంది. పూర్తికాకపోతే కార్ఖానాయే పోతుంది. ఇప్పుడు మనం ఏం చెయ్యాలి?”

“మెడ కుట్టు విప్పాలి.”

సంచులలోంచి కత్తెరలు మళ్ళీ బయటికి వచ్చాయి. మెడ వెనక కుట్టు విప్పడం, తలలోని దూది తీయడం, రెండు కళ్ళకూ చోటు కొలిచి బిళ్ళలు బిగించడం, దూది మళ్ళీ కూరి తల నిటారుగా నిలిచేటట్టు మూయడం. ఒక్కోదానికి పద్నాలుగు నిమిషాలు. హాళ్ళనుంచి మనుషులను పిలిపించారు. ఎడమచేతి విభాగంవారు మొదటిసారిగా ఒక పూర్తి ఎలుగుబంటిని దగ్గరనుంచి చూసి ఆశ్చర్యపోయారు. రెండు వందలమందిలో ముప్ఫైమందికి మాత్రమే ఆ పని పట్టుబడింది. మిగిలినవారు కుట్టిన తలలు పక్కకు వాలి, ఏదో వినబడనట్టు చెవి ఒగ్గేవి. అక్క వాటిని విప్పించింది. “పన్నెండు నిమిషాల్లో కానివ్వు అక్కా” అని తమ్ముడు గుమ్మంలోంచి ప్రాధేయపడ్డాడు. తొందరగా చేస్తే తల వాలుతుంది, తల వాలితే విప్పాలి, విప్పితే ఇరవై ఎనిమిది నిమిషాలు అని ఆమె చెప్పింది. మూడో రోజు సాయంత్రానికి లెక్క పెడితే మూడు వేల నూట పన్నెండు. ఇంకా ఇరవై వేల పైచిలుకు గుడ్డివి మిగిలాయి.

మర్నాడు పొద్దున అధికారిణి వచ్చింది. చేతిలో ఒక అట్ట, ఎంత గట్టిగా లాగితే అంత చూపే ఒక చిన్న కొక్కెపు తూనిక. వరసలోంచి తనకు తోచిన పది ఎలుగుబంట్లను ఏరి, ఇరవై కళ్ళను కొక్కెంతో లాగింది. ఒక్కటీ ఊడలేదు. అట్ట మీద ఇరవై టిక్కులు పడ్డాయి. చక్రవర్తి గొంతు సవరించుకొన్నాడు. రాజులు కోట తాళాలు అప్పగించేటప్పుడు ఉండవలసిన గాంభీర్యం ఆయన ముఖంలో ఉంది.

“మేడమ్, ఒక్క మాట మనవి చేసుకోవాలి. తమరికి చెప్పిన మొత్తం...”

“సార్, ముందు నేనొకటి చెప్పాలి,” అంది ఆమె. ముఖం ఆమెది కూడా పాలిపోయి ఉంది. “దారి పొడుగునా ఎలా చెప్పాలా అని చస్తున్నాను. మీరు ఏమీ అనుకోకూడదు.”

“లేదు లేదు, చెప్పండి.”

“మావి నలభై కొట్లు కదండీ. మధ్యలో మావాళ్ళు అరవై చేశారు.”

“అభినందనలు!”

“తరవాత పదకొండు చేశారు.” ఆమె అట్టను గుండెలకు హత్తుకొంది. “అంటే, అరవై నిలబడలేదు. ఇప్పుడు మాకు రెండు వేల రెండొందలు చాలు సార్. ఇరవై నాలుగు వేలు తీసుకోలేం. మీరింత శ్రమపడి అన్నీ సిద్ధం చేసుంటారు, నాకు తెలుసు. మీరేం చేసినా మేం పడాల్సిందే.”

చక్రవర్తి తాను చెప్పబోయిన మాట మింగేశాడు. తరవాత ఎంతో ఉదారంగా, ఇటువంటివి పెద్ద వ్యాపారాలలో సహజమేనని, తాము ఏమీ మనసులో పెట్టుకోమని ఆమెను ఓదార్చాడు. ఆమె కళ్ళు తుడుచుకొని రెండు వేల రెండు వందలకు సంతకం పెట్టి వెళ్ళింది. ఒక సామ్రాజ్యం మరొక సామ్రాజ్యాన్ని ఇంత మర్యాదగా ముంచిన సందర్భాలు అరుదు.

నెల తిరిగేసరికి హాళ్ళకు అప్పిచ్చినవాళ్ళు హాళ్ళు తీసుకొన్నారు, యంత్రాలవాళ్ళు యంత్రాలు తీసుకొన్నారు. కొత్త ఆఫీసు బల్ల, కుర్చీ, అద్దాలపెట్టె ఎవరికి చెందవలసినవి వారికి చెందాయి. ఎడమచేతులు కుట్టినవారు, కుడిచేతులు కుట్టినవారు చివరి జీతంతో వీధుల్లోకి పోయారు. వారిని గురించి నవ్వడానికి ఏమీ లేదు. కళ్ళు లేని ఎలుగుబంట్లను మాత్రం జప్తు చేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అవి, బస్తాల కొద్దీ కళ్ళు, పాత మూడు గదులు మిగిలాయి. నేత్రవిభాగాన్ని రద్దుచేసిన ఉత్తర్వు అమలు కావలసిందే గాని, అంతకంటే ముందు ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసే రద్దయింది. చక్రవర్తి రాజ్యంలో చెక్కుచెదరకుండా నిలిచిన విభాగం అదొక్కటే.

సోమవారం పొద్దున తమ్ముడు కళ్ళగదిలోకి వచ్చాడు. అతనికి వేరే గది లేదు. రేడియో లేచి తన పక్కన ఉన్న పీట జరిపింది.

“కూర్చోండి సార్. ఇక్కడ గౌరవ సభ్యులు కూడా పని చెయ్యాలండీ.”

అతను కూర్చున్నాడు. కాసేపు గోడ చూశాడు. తరవాత అతని ముఖంలో పాత వెలుగు కొంచెం కొంచెంగా రాజుకొంది.

“అక్కా, ఒక ఆలోచన వచ్చింది. గుడ్డివి ఇరవై వేల చిల్లర ఉన్నాయి. వీటికి అసలు కళ్ళే వద్దు. రెప్పలు మూసినట్టు రెండు గీతలు కుడదాం. నిద్రపోయే ఎలుగుబంటి! లోకంలో ఎవరి దగ్గరా లేదు. వారానికి రెండు వేలు చేస్తే...”

“మన పాత దుకాణాలు వారానికి ఎన్ని తీసుకుంటాయి?”

“నూట ఇరవై. కానీ అక్కా...”

“అయితే వారానికి నూట ఇరవై. కళ్ళు తెరుచుకున్నవే. కళ్ళు పెట్టినవాటితో కలిపి ఉన్నవి ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలు. అంటే నూట ఎనభై రెండు వారాలు. మూడున్నర ఏళ్ళు.” అక్క ఈ లెక్క ఎప్పుడో వేసి పెట్టుకొన్నట్టు తడుముకోకుండా చెప్పింది. “మూడున్నర ఏళ్ళు బట్ట కొనక్కర్లేదు, దూది కొనక్కర్లేదు, కళ్ళు కొనక్కర్లేదు. ఈ నలుగురికీ పని ఉంటుంది. నాకూ ఉంటుంది. నువ్వు ఒప్పుకుంటే నీకూ ఉంటుంది.”

నలుగురూ సూదులు ఆపి అతనివైపు చూశారు. అతని తలూపు కోసం ఆ గది అంతసేపు ఎదురుచూసింది గనుక, అతనికి తన పదవిలో ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టే తోచింది. ఊపాడు.

అక్క అతని ఒడిలో ఒక ఎలుగుబంటిని పెట్టి, కత్తెర అందించింది. మెడ కుట్టు విప్పడానికి అతనికి పావుగంట పట్టింది. దూది సగం నేలమీద, సగం అతని చొక్కామీద పడింది. కళ్ళు రెండూ బిగించి, దూది కూరి, నాలుక పంటికింద పెట్టుకొని మెడ కుట్టాడు. గంట దాటింది. ఎత్తి చూపించాడు. ఒక కన్ను నుదుటి దగ్గర ఉంది, మరొకటి ముక్కును ఆనుకొని ఉంది. తల భుజం మీదికి వాలింది. ఎక్కడ పుట్టానో అర్థంకానట్టు అది గది మొత్తాన్ని ఒకేసారి చూస్తున్నది.

రేడియో ఏదో అనబోయి, జీవితంలో మొదటిసారి మానుకొంది.

“ఎలా ఉందక్కా?”

అక్క దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి, అటు చూసి, ఇటు చూసి, తిరిగి తమ్ముడి చేతిలో పెట్టింది.

“విప్పు,” అంది.